బల్ల మీదికి ఎక్కించే ముందు

నా బీరువాలో బట్టల అడుగున ఒక ఎక్స్‌రే ఫిల్ము ఉంది. పన్నెండు అంగుళాల వెడల్పు, పదిహేను అంగుళాల పొడుగు. మూలన తెల్ల సిరాతో 1981 అని నేనే రాశాను. ఎన్ని ఊళ్లు బదిలీ అయినా, ఎన్ని ఇళ్లు మారినా దాన్ని పారేయలేదు. కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే ఒక కుక్క రొమ్ము కనిపిస్తుంది. పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టవచ్చు. ఎడమవైపు ఊపిరితిత్తి ఉండాల్సిన చోట పేగులు చుట్టలు చుట్టలుగా ఉన్నాయి. రొమ్మునూ పొట్టనూ వేరుచేసే పొరను మేం డయాఫ్రమ్ అంటాం. ఆ పొర గీత సగం దాకా వచ్చి మాయమైపోతుంది. గుండె కుడిపక్కకు నెట్టుకుపోయింది. నా సర్వీసు మొత్తంలో ఇంత స్పష్టంగా వచ్చిన రొమ్ము ఫిల్ము ఇంకొకటి లేదు.

ఎందుకంత స్పష్టంగా వచ్చిందో కూడా చెప్పాలి. ఊపిరి తీస్తున్నంతసేపూ రొమ్ము కదులుతూనే ఉంటుంది. ఆ కదలికను మించిన వేగం మా పాత యంత్రానికి లేదు, అందుకని అంచులెప్పుడూ మసగ్గా వచ్చేవి. ఈ ఫిల్ములో ఆ మసక లేదు. నేను మీట నొక్కేసరికే ఆ కుక్క ఊపిరి ఆగిపోయింది.

లారీ గుద్దిందని ఆదివారం సాయంత్రం రిక్షాలో వేసుకొచ్చారు. గోనెపట్టా మీద నిలబడే ఉంది. మెడ ముందుకు చాచి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి, డొక్కలు ఎగరేస్తూ. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. ఎంత బుజ్జగించినా పడుకోలేదు. పడుకోను అని అది మొండికేయడంలోనే దాని రోగం ఏమిటో ఉందని ఆ రోజు నాకు తట్టలేదు. ఏ భాగానికైనా రెండు వైపుల నుంచి రెండు బొమ్మలు తీయాలని కాలేజీలో నేర్పారు. ఒకటి పక్కకు పడుకోబెట్టి, రెండోది వెల్లకిలా పడుకోబెట్టి. నేను ఆ సూత్రం తప్పలేదు. పక్క బొమ్మ అయింది. వెల్లకిలా తిప్పాం. ముందుకాళ్లు మా అటెండరు, వెనకకాళ్లు యజమాని పట్టుకున్నారు. చిరిగిన పొర సందులోంచి పొట్టలో బరువంతా మిగిలిన ఊపిరితిత్తి మీదికి జారింది. రెండు మూడుసార్లు నోరు తెరిచింది. నేను తలుపు పక్కనున్న కంట్రోల్ పెట్టె దగ్గర నంబర్లు సరిచూసుకుంటున్నాను. యజమాని "ఏమ్మా, ఏమ్మా" అంటున్నాడు. నేను మీట నొక్కాను.

రెండు బొమ్మల సూత్రం ఈనాటికీ సరైనదే. అయితే ఈ జంతువు ఆ బొమ్మను తట్టుకోగలదా అన్న ప్రశ్న దానికంటే ముందు రావాలి. మా వృత్తిలో ఆ ప్రశ్న అంత వెనక్కి ఎలా పోయిందో తెలుసుకోవాలని రిటైరయ్యాక పాత పుస్తకాలు తిరగేశాను.

రాంట్‌జన్ తన గదిలో ఆ కిరణాలను గమనించింది 1895 నవంబరు 8న. భార్య చేతిని బొమ్మ తీసింది డిసెంబరు 22న. మరుసటి ఏడే, అంటే 1896లోనే, పశువైద్యులు అందుకున్నారు. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీలో ఫ్రెడరిక్ హాబ్డే, జాన్సన్ అనే ఆయనతో కలిసి ప్రయోగాలు చేసి రాశాడు. బెర్లిన్‌లో రిచర్డ్ ఎబర్లైన్ కూడా ఆ ఏడే రాశాడు. ఆ తొలినాళ్ల బొమ్మల్లో గుర్రపు కాలే ముఖ్యం. ఆ రోజుల్లో బండి లాగేదీ, సైన్యాన్ని మోసేదీ గుర్రమే. కాలు కుంటితే దాని బతుకు ముగిసినట్టే. పైగా కాలిలో ఉన్నది ఎముక, నరం, గిట్టే. మాంసం తక్కువ. అప్పటి బలహీనమైన కిరణాలు దాంట్లోంచి దూరి అవతలి గాజుపలకను చేరగలిగేవి. అదే గుర్రపు పొట్ట దగ్గర గోడకు కొట్టినట్టు ఆగిపోయేవి.

ఒక్కో బొమ్మకు నిమిషాల తరబడి పట్టేది. అన్నిసేపు గుర్రాన్ని కదలకుండా నిలపాలి. పలకను కాలికి ఆనించి ఎవరో ఒకరు పట్టుకోవాలి. మా వృత్తి అలవాట్లకు అక్కడే పునాది పడిందని నా నమ్మకం. యంత్రం ఒకచోట స్థిరంగా ఉంటుంది, పశువు దాని దగ్గరికి వెళ్లాలి, అది చెప్పిన భంగిమలో ఉండాలి, మనిషి దాన్ని అణిచి పట్టాలి. కుంటుతున్న గుర్రానికి ఇందులో ప్రాణాపాయం ఏమీ లేదు. ఆరోగ్యంగా ఉండి కాలు మాత్రమే నొప్పి పెట్టిన జంతువు కోసం పుట్టిన పద్ధతి అది. దాన్నే కొన ఊపిరితో వచ్చిన జంతువుకూ వాడుతూ వచ్చాం.

1913లో కూలిడ్జ్ కొత్త రకం ట్యూబు చేశాక నిమిషాలు సెకన్లయ్యాయి, తర్వాత సెకనులో వంతులయ్యాయి. గాజుపలకలు పోయి ఫిల్ము వచ్చింది. అమెరికాలో బోస్టన్‌లోని ఏంజెల్ మెమోరియల్ జంతు ఆసుపత్రిలో పనిచేసిన గెర్రీ ష్నెల్ 1930లలో కుక్కల తుంటికీలు లోపాన్ని ఎక్స్‌రేలో గుర్తించి, 1945లో కుక్కల రేడియాలజీ మీద పుస్తకమే రాశాడు. విద్య ఎంతో పెరిగింది. పట్టుకునే మనిషి మాత్రం ఉన్నచోటే ఉండిపోయాడు.

ఆ మనిషి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎడిసన్ దగ్గర ఎక్స్‌రే ట్యూబుల మీద పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు కాలి, పుండ్లు పడి, చేతులు తీసేసినా బతకక 1904లో చనిపోయాడు. ఆ గాయాలు చూసి ఎడిసన్ ఆ పనే మానేశాడు. 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఈ కిరణాలకు బలైన వైద్యులకూ పనివాళ్లకూ ఒక స్మారక స్తంభం నిలిపారు. మొదట చెక్కిన పేర్లు 169. ఇవన్నీ మనుషుల ఆసుపత్రుల కథలు. మనుషుల ఆసుపత్రిలో రోగికి చెబితే కదలకుండా ఉంటాడు, పట్టుకోవాల్సిన అవసరం అరుదు. పశువుల ఆసుపత్రిలో ప్రతి ఫిల్ముకూ ఒకరో ఇద్దరో పట్టుకునేవాళ్లు ఉండాల్సి వచ్చేది.

నేను మొదట పనిచేసిన ఆసుపత్రిలో సీసపు ఏప్రాన్ ఒక్కటే ఉండేది. ఆ ఒక్కటీ నేను వేసుకునేవాణ్ణి. మా అటెండరు ఖాకీ చొక్కాతో బల్ల పక్కన నిలబడి కుక్క కాళ్లు పట్టుకునేవాడు. పెద్దవాడు, నాకంటే ముందు ఆ గదిలో ఎన్నో ఏళ్లు చేసినవాడు. ఆయన వేళ్లు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మీద చర్మం నున్నగా, మెరుస్తూ, వేలిముద్ర గీతలు లేకుండా ఉండేది. గోళ్ల మీద నిలువుగా గాట్లు, పెళుసుబారి అంచులు విరిగిపోతుండేవి. ఫిల్ము కడిగే డెవలపర్ నీళ్లు పడలేదనుకున్నాం. ఆయనా అలాగే అనుకున్నాడు, కొబ్బరినూనె రాసుకునేవాడు. కిరణం తగిలిన చర్మం అలా అవుతుందని నేను పుస్తకంలో చదివేసరికి ఆయన రిటైరై వెళ్లిపోయాడు. నేను వెళ్లి చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

నేరుగా వచ్చే కిరణాన్ని ఏప్రాన్ పూర్తిగా ఆపలేదు. చెదిరి పక్కలకు వచ్చేదాన్ని తగ్గించడానికే అది. కిరణం దారిలో చెయ్యి పెడితే సీసపు గ్లౌజు ఉన్నా నమ్మకం లేదు. అసలైన రక్ష దూరం. రెండింతలు దూరం జరిగితే తగిలేది నాలుగో వంతు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడింది. ఈ పనిచేసేవాళ్లకు తగిలే కిరణం ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడూ 30కి మించకూడదని దాని హద్దు. ఒంటికి తగిలిన కిరణాన్ని కొలవడానికి గుండె దగ్గర తగిలించుకునే టి.ఎల్.డి. బ్యాడ్జి మూడు నెలలకోసారి లెక్కకు వెళ్తుంది. ఇంగ్లండులో జంతువును చేత్తో పట్టుకుని ఎక్స్‌రే తీయడాన్ని అరుదైన సందర్భాలకే పరిమితం చేశారు. ఇసుక సంచులు, స్పాంజి దిమ్మలు, గుడ్డ పట్టీలు ఆ పని చేస్తాయి. ఇసుక సంచి మనం కుట్టించుకోలేనిదేమీ కాదు. మా ఆసుపత్రి పక్కన టైలరు షాపు ఉండేది. ఆ ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

ఇదంతా కుక్కల సంగతి. మా ప్రకాశం జిల్లాలో ఆసుపత్రికి వచ్చేవాటిలో ఎక్కువ గేదెలూ ఎద్దులే. తిరుపతి పశువైద్య కళాశాల 1955లో మొదలైంది, హైదరాబాదుది 1946లో. అంతకు ముందు తెలుగువాళ్లు పశువైద్యం చదవాలంటే 1903లో పెట్టిన మద్రాసు కాలేజీకి వెళ్లేవారు. నేను తిరుపతిలో చదివాను. ఎక్స్‌రే గురించి క్లాసులో ఎంత నేర్చుకున్నా, పల్లెలో నాకు పనికొచ్చింది వెదురు బొంగు.

గేదె దాణాతో పాటు తీగ ముక్కనో మేకునో మింగేస్తుంది. నమిలి మింగే అలవాటు లేదు కదా, ముందు మింగి తర్వాత నెమరు వేస్తుంది. ఆ తీగ రెండో కడుపులో దిగి, గోడను పొడుచుకుని, ఎదురుగా అరచెయ్యి దూరంలో ఉన్న గుండె వైపు సాగుతుంది. గేదె మేత మానేస్తుంది, వీపు పైకి లేపి నిలబడుతుంది, గంగడోలు కింద నీరు చేరుతుంది. ఇది తేల్చడానికి బొంగు పరీక్ష చేసేవాళ్లం. రైతు ఒక పక్క, ఆయన తమ్ముడో కొడుకో రెండో పక్క, గేదె రొమ్ము కింద వెదురు బొంగు అడ్డంగా పెట్టి మెల్లగా పైకి ఎత్తి ఒక్కసారిగా దించుతారు. నేను గొంతు మీద స్టెతస్కోపు పెట్టి వింటూ ఉంటాను. బొంగు దిగేటప్పుడు చిన్న మూలుగు వినపడితే లోపల గుచ్చుకుంటున్నట్టు. బయటికి వినపడని మూలుగు అది, గొంతులోనే మొదలై గొంతులోనే ఆగిపోతుంది. ఆ పరీక్షలో గేదెను పడేయనక్కర్లేదు, బండెక్కించనక్కర్లేదు, తన గాటి దగ్గరే నిలబడి ఉంటుంది. ఎంత పాతదైనా, జంతువు దగ్గరికి మనం వెళ్లే పద్ధతి.

పంజాబ్, హర్యానాల్లో గేదెలకు డయాఫ్రమ్ చిరిగి కడుపు భాగం రొమ్ములోకి వెళ్లడం ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ఆపరేషన్లలో లూధియానా సర్జన్లకు గొప్ప అనుభవం. వాళ్లు గేదెను నిలబెట్టే ఎక్స్‌రే తీస్తారు. అంత లావు శరీరంలోంచి కిరణం దూరాలంటే పెద్ద యంత్రం కావాలి, అది పెద్ద కాలేజీల్లోనే ఉంటుంది. మాకు చిన్నది ఉండేది. ట్రాక్టరు ట్రక్కులో ముప్పై కిలోమీటర్లు కుదుపుకుంటూ వచ్చిన గేదెను చూసి, ఫిల్ము తీయండని రైతు చేతులు పట్టుకుంటే, తీయలేనని చెప్పడం కష్టంగా ఉండేది. పొట్ట ఉబ్బి ఎడమ డొక్క తప్పెటలా మోగుతున్నప్పుడు మాత్రం ఎవరు అడిగినా ఆగేవాణ్ణి కాదు. ముందు గొట్టం గుచ్చి గాలి తీసెయ్యాలి. గాలి బుస్సుమని పోతుంటే గేదె కళ్లలో తేడా కనిపిస్తుంది. ఏ బొమ్మ అయినా ఆ తర్వాతే.

మత్తు సంగతీ అంతే. జర్మనీలో 1962లో తయారైన జైలజీన్ మాకు వరంలా వచ్చింది. సూది వేస్తే ఎద్దు తల వాల్చేస్తుంది. కానీ గుర్రానికి ఇచ్చే మోతాదులో పదో వంతే పశువుకు చాలు. పడుకున్న పశువుకు పొట్ట ఉబ్బుతుంది, నోట్లోకి వచ్చిన మేత ఊపిరి గొట్టంలోకి పోవచ్చు. గుండె వేగం తగ్గుతుంది. నెత్తురు పోయి ఒళ్లు చల్లబడిన జంతువుకు ఆ వేగమే ఆధారం. కదలకుండా ఉంటుందని సూది వేస్తే, చివరికి నా ఫిల్ములో కుక్కలాగే కదలకుండా ఉండిపోవచ్చు.

ఈ దారిని మార్చింది శబ్దం. చెవికి వినపడని శబ్దాన్ని ఒంట్లోకి పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో బొమ్మ కట్టడం, మనం స్కానింగు అనేది. విచిత్రం ఏమిటంటే, పశువుల మీద దీన్ని మొదట వాడింది వైద్యానికి కాదు. 1950లలో అమెరికాలో బతికున్న పశువు వీపు మీద కొవ్వు ఎంత మందం ఉందో కొలవడానికి వాడారు, మాంసం ధర కట్టడానికి. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ గర్భిణుల మీద దీని ఉపయోగం చూపించింది 1958లో. 1966లో లిండాల్ గొర్రెల చూడిని దీనితో కనిపెట్టాడు. 1980లో ఫ్రాన్స్‌లో పామర్, డ్రియాంకూర్ గుర్రాల గర్భాశయాన్ని మలద్వారం గుండా ప్రోబ్ పెట్టి తెర మీద చూపించారు. ఆ తర్వాత ఆవులకూ గేదెలకూ వచ్చింది. మా దాకా కూడా ఆ రూపంలోనే చేరింది, చూడి పరీక్షకు. ఎదకు రాని గేదె అండాశయం చూడటానికి వాడేవాళ్లం. ప్రాణం మీదికి వచ్చిన జంతువుకు అది పనికొస్తుందని చాలాకాలం ఎవరూ అనుకోలేదు.

అనుకున్నది అమెరికాలో బాయ్‌సెన్ అనే పశువైద్యుడూ ఆయన సహచరులూ. ప్రమాదాల్లో దెబ్బతిన్న మనుషుల పొట్టలో నెత్తురు చేరిందేమో స్కానింగుతో చప్పున చూసే పద్ధతి అప్పటికే ఉంది. దాన్ని కుక్కలకు తెచ్చారు. వాహనాలు గుద్దిన 100 కుక్కలను అలా చూసి, 2004లో ఫలితాలు ప్రకటించారు. పొట్ట మీద నాలుగు చోట్ల ప్రోబ్ ఆనిస్తే చాలు: కాలేయానికీ డయాఫ్రమ్‌కీ మధ్య, ప్లీహానికీ ఎడమ కిడ్నీకీ మధ్య, మూత్రాశయం పక్కన, కాలేయానికీ కుడి కిడ్నీకీ మధ్య. నెత్తురైనా మూత్రమైనా తెర మీద నల్లగా, కోసుగా ఉన్న మూలలతో కనిపిస్తుంది. ఆ వందలో 45 కుక్కల పొట్టలో ద్రవం దొరికింది. తర్వాత లిషియాండ్రో 2008లో ఇదే తీరులో రొమ్మును చూసే పద్ధతి చెప్పాడు. ఆ వ్యాసాలు చదువుతూ నేను 1981 దగ్గరే ఆగిపోయాను. నిలబడ్డ కుక్కను నిలబడ్డట్టే ఉంచి, కొన్ని నిమిషాల్లో.

అయినా అన్నిటికీ స్కానింగే అనను. ఈనలేక అవస్థ పడుతున్న కుక్క వస్తే కడుపులో ఎన్ని పిల్లలున్నాయో లెక్క తేల్చేది ఎక్స్‌రేనే, పుర్రెలూ వెన్నెముకలూ లెక్కపెట్టాలి. ఆ పిల్లలు బతికున్నాయా అన్నది స్కానింగు చెబుతుంది. వాటి గుండె నిమిషానికి 180 కంటే తక్కువ కొడుతుంటే ఇక ఆలస్యం చేయకూడదు. పెద్దజాతి కుక్క కడుపు మెలితిరిగి ఉబ్బినప్పుడు, కుడిపక్కకు పడుకోబెట్టి తీసిన ఒక్క ఎక్స్‌రే చాలు, గాలి బుడగ రెండు గదులుగా చీలి కనిపిస్తుంది. అయితే దానికి ముందే సెలైన్ ఎక్కుతూ ఉండాలి, గాలి తీయాలి. పేగుకు చిల్లు పడిందన్న అనుమానం ఉంటే, పేగులు ఎక్స్‌రేలో తేలేందుకు ఇచ్చే బేరియం తాగించకూడదు, కారి పొట్టంతా పాకుతుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తున్న పిల్లి వస్తే మాత్రం దాన్ని ముందు ఆక్సిజన్ పెట్టెలో పెట్టి వదిలేయాలి. దాన్ని చూస్తూ కూర్చోవడం కూడా వైద్యమే. పిల్లి పెనుగులాటకే ప్రాణం వదలడం నేను చూశాను.

మొన్న చలికాలంలో ఒంగోలులో నా పాత విద్యార్థిని నడుపుతున్న క్లినిక్‌కి వెళ్లాను. రాత్రి ఎనిమిదింటికి ఆటో గుద్దిన ఊరకుక్కను ఇద్దరు కుర్రాళ్లు దుప్పట్లో పట్టుకొచ్చారు. దించగానే నిలబడింది. మెడ చాచి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి. నాకు ఒళ్లు జలదరించింది.

ఆ అమ్మాయి దాన్ని బల్ల మీదికి ఎత్తనివ్వలేదు. తనే నేల మీద మోకాళ్ల మీద కూర్చుంది. ఒక కుర్రాడు ముక్కు ముందు ఆక్సిజన్ గొట్టం పట్టుకున్నాడు. బొచ్చు గొరగలేదు, స్పిరిట్ పోసి తడిపి పక్కటెముకల మధ్య ప్రోబ్ ఆనించింది. చేతిలో ఇమిడేంత తెర. "సార్, ఇటు చూడండి" అంది. పక్కటెముకల నీడల మధ్య తెల్లటి గీత ఉంది. ఊపిరితో పాటు ఆ గీత ముందుకూ వెనక్కూ జారాలి. జారడం లేదు. ఊపిరితిత్తి బయట గాలి చేరింది. రెండో పక్క కూడా అంతే. పొట్ట మీద నాలుగు చోట్లా చూసింది, నల్లటి మూలలు లేవు. సన్నటి సూది, గొట్టం, యాభై మిల్లీలీటర్ల సిరంజి. గాలి లాగడం మొదలుపెట్టింది. నేను లెక్కపెట్టాను, పదకొండు సిరంజిలు. ఎనిమిదో సిరంజి దగ్గర కుక్క మెడ దించింది. చివరి సిరంజి అయ్యాక మెల్లగా తనంతట తనే పడుకుంది.

ఎక్స్‌రే మర్నాడు పొద్దున తీశారు, పక్కటెముకలు ఎన్ని విరిగాయో చూడటానికి. కుక్కను బోర్లా పడుకోబెట్టారు, వెల్లకిలా తిప్పలేదు. చిన్న మోతాదులో మత్తు. మెడ మీద ఒకటి, నడుం వెనక ఒకటి, పొడుగాటి ఇసుక సంచులు బరువు పడకుండా అటూ ఇటూ ఆనించారు. నీలం గుడ్డతో కుట్టించినవి. అంతా సిద్ధమయ్యాక నా చెయ్యి అలవాటు కొద్దీ దాని ముందుకాలి వైపు వెళ్లింది.

"సార్, బయటికి రండి" అంది ఆ అమ్మాయి, తలుపు తీసి పట్టుకుని.